మగ్గం దగ్గర మాత్రమే వినపడేది

మా అమ్మాయికి మూడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పక్కింటి లక్ష్మక్క బిడ్డను చంకనేసుకుని మా వంటింట్లో నా వెనక నిలబడింది. నేను పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతున్నాను. తల తిప్పి చూసేసరికి బిడ్డ ముఖం ఏడ్చి ఏడ్చి కందిపోయి ఉంది. ఉయ్యాల నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. బిడ్డ ఎప్పుడు లేచిందో, లక్ష్మక్క ఎప్పుడు లోపలికి వచ్చి ఎత్తుకుందో నాకు తెలియదు.

"ఏమ్మా, బిడ్డ గుక్క పట్టి ఏడుస్తాంటే మా ఇంట్లోకి వినపడ్తాంది. నువ్వు ఈడ్నే ఉండి ఎత్తుకోవా?" అంది.

పరాకుగా ఉన్నానని చెప్పాను. అబద్ధం చెప్పలేదు, నేనూ అలాగే అనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో చెవులు పోతాయని ఎవరూ అనుకోరు.

ధర్మవరంలో మా అత్తవారిది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు సాలలో మూడు మగ్గాలు ఉండేవి. ఒకదాని మీద మా ఆయన, మిగతా రెండింటి మీద కూలికి వచ్చే నేతగాళ్ళు కూర్చునేవాళ్ళు. నేను వాళ్ళ పక్కనే రాట్నం ముందు కూర్చుని నేతకు కావలసిన పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. మామగారు లేరు. వంటిల్లు, పెత్తనం రెండూ మా అత్తవే.

ఒక విచిత్రం చెప్పాలి. సాలలో మూడు మగ్గాలూ ఒకేసారి ఆడుతున్నప్పుడు "కండె అందీమ్మా" అని ఎవరన్నా నాకు మొదటిసారికే వినపడేది. చప్పుడు లేని వంటింట్లో అత్త పిలిస్తే మాత్రం వినపడేది కాదు. ఇది నాకే అర్థం కాలేదు, ఇంకొకరికి ఏం చెప్పను? పైగా చెవిలో ఎప్పుడూ ఒక మోత. మూత పెట్టిన గిన్నెలో పప్పు ఉడికేటప్పుడు వచ్చే చప్పుడులాంటిది. మొదట్లో వీధిలోంచి వస్తోందనుకుని బయటికి వెళ్ళి చూసేదాన్ని.

వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసుకున్నాను. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు "గులిమి ఉండాదమ్మా, అంతే" అని సిరంజితో నీళ్ళు కొట్టి కడిగాడు. ఆ రోజంతా చల్లగా, హాయిగా ఉంది. మర్నాటికి మళ్ళీ మామూలే.

నాలుగేళ్ళకు అబ్బాయి పుట్టాడు. ఆ కాన్పు తర్వాత వినికిడి మెట్లు దిగినట్టు దిగిపోయింది. అత్త నాతో మాట్లాడడం తగ్గించి, నా గురించి వచ్చినవాళ్ళతో మాట్లాడడం పెంచింది. ఆమె వాదన బలమైనదే. నాకు చెవుడు కాదు, పొగరు అనడానికి ఆమె దగ్గర రెండు రుజువులు ఉన్నాయి. మగ్గాల మోతలో నేతగాళ్ళు పిలిస్తే పలుకుతాను. ఇక చెవిటివాళ్ళు ఊరంతా వినపడేలా అరుస్తారు, నేనేమో గొంతులో గొంతుగా మాట్లాడతాను.

"మగ్గం కాడ పలుకుతాది, వంటింట్లో పలకదు. ఇదేం చెవుడప్పా? నా మాటకే చెవుడా?" అని లక్ష్మక్కతో అనేదట. లక్ష్మక్క వచ్చి నా చెవి దగ్గర అంతా అప్పజెప్పేది. ఆమె గొంతు పెద్దది కాబట్టి నాకు అన్నీ తెలిసేవి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. మా అత్త పెరట్లో స్నానాల బండ మీద జారి పడింది. నేను వంటింట్లో పెరటికి వీపు తిప్పి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆమె ఎంతసేపు పిలిచిందో తెలియదు. మా ఆయన అన్నానికి లోపలికి వచ్చి పెరట్లోకి పరుగెత్తినప్పుడు గాని నేను తలెత్తలేదు. తుంటి ఎముక విరిగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చారు. మంచం మీద పడుకోబెట్టి కాలికి బరువు వేలాడదీశారు.

"ఇది ఉండే ఇంటికి నేను రాను. దీన్ని వాళ్ళ నాయన కాడ వదిలిపెట్టు, నన్నన్నా వదిలిపెట్టు. నీ ఇష్టంరా," అని కొడుకుతో అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె నొప్పికీ కోపానికీ గట్టిగానే అంది, కాబట్టి వినపడింది. మా ఆయన వంగి ఆమె దుప్పటి సర్దాడు. ఆయన కాదనకపోయేసరికి నాకు భయం వేసింది. ఇద్దరు పిల్లలతో పుట్టింటికి తిరిగిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఆ వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. రెండు రోజులు నన్ను గమనించింది. మూడో రోజు నా ముందుకు వచ్చి ముఖంలోకి చూస్తూ, "నిన్ను వెనకనుంచి నాలుగుసార్లు పిలిచినా. ఈఎన్‌టీ కింద ఉండాది, పోయి చూపించుకోపో," అంది. మా ఆయన వెంట వచ్చాడు. నాకు వైద్యం చేయించడానికి కాదు. డాక్టరు ఎదుట నా నాటకం బయటపెట్టి ఈ గొడవ తేల్చేద్దామని.

ఈఎన్‌టీ డాక్టరుగారిది కోస్తా వైపు. చెవిలోకి లైటు వేసి చూసి కర్ణభేరి బాగానే ఉందన్నాడు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి ముందు పెట్టాడు. లీలగా వినపడింది. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించాడు. తలంతా మోగింది.

"ఎక్కడ పెడితే గట్టిగా వినపడింది?"

"వెనక, ఎముక మింద సార్."

అప్పుడు మా ఆయన చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దండి. దీనికి చెవుడు లేదు సార్. మూడు మగ్గాలు ఆడుతాంటే నాకే మాట వినపడదు, దీనికి వినపడ్తాది. చెవుడుండేవాళ్ళు అరుస్తారు. ఇది గుసగుసలాడినట్ల మాట్లాడ్తాది. మా యమ్మ తుంటి విరిగి పడింటే మాత్రం వినపడలేదంట."

డాక్టరు చేతిలోని ఫోర్కు బల్ల మీద పెట్టి, "ఇంకోసారి చెప్పండి," అన్నాడు. మా ఆయన మళ్ళీ చెప్పాడు. డాక్టరు ఆ రెండు మాటలూ ఓపీ చీటీ మీద రాసుకున్నాడు.

"మీరు ఆవిడ మీద నేరం చెబుతున్నాననుకుంటున్నారు. కానీ సగం డయాగ్నోసిస్ మీరే చెప్పేశారు. దీన్ని ఓటోస్క్లెరోసిస్ అంటారు," అన్నాడు.

ఆయన గట్టిగా, విడమరిచి చెప్పాడు కాబట్టి నాకూ వినపడింది. చెవి లోపల స్టేపిస్ అని ఒక ఎముక ఉంటుంది, బియ్యపు గింజ కన్నా చిన్నది. అది కదిలితేనే శబ్దం లోపలికి పోతుంది. నాకు అది బిగుసుకుపోతోంది. మగ్గాల మోత నాకు అంతగా చేరదు. ఆ మోతను మించి వినపడాలని అక్కడ అందరూ గొంతు పెంచుతారు, ఆ పెంచిన గొంతు నాకు చేరుతుంది. వంటింట్లో ఎవరూ గొంతు పెంచరు. నా మాట ఎముకల ద్వారా నా చెవికి గట్టిగానే వినపడుతుంది కాబట్టి మెల్లగా మాట్లాడతాను. కాన్పులతో ఈ జబ్బు కొందరిలో ముదురుతుంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో నా మీద నాకే అనుమానం వచ్చేలా చేశారు కదా అని. మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

పైకి వెళ్ళి అత్తకు చెప్పాడు. "డాక్టర్లకేం, వాళ్ళు ఏమైనా చెప్తారు," అని ఆమె అటు తిరిగి పడుకోబోయింది. కాలికి కట్టిన బరువు తిరగనివ్వలేదు.

ఆపరేషన్ బెంగళూరులో చేస్తారన్నారు. మా ఆయన మగ్గం మీద చీర సగంలో ఉంది, తల్లి మంచం మీద ఉంది. అందుకని ఉరవకొండ నుంచి మా నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. పిల్లలను మా అమ్మ దగ్గర వదిలాం. నాయనకూ నలభై దాటినప్పటి నుంచి చెవుడే. జీవితమంతా నేసిన మనిషి కాబట్టి మేము దాన్ని మగ్గం చెవుడు అనేవాళ్ళం. బెంగళూరు బస్సులో ఇద్దరు చెవిటివాళ్ళం పక్కపక్కన కూర్చుని, ఒకరితో ఒకరం మాట్లాడకుండా పోయాం.

అక్కడి సర్జన్‌ది మడకశిర వైపు, మన మాటే మాట్లాడతాడు. ఒక గదిలో తలుపు మూసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడితే బటన్ నొక్కమన్నారు. గీతలు గీసిన కాగితం ఒకటి వచ్చింది. అది ఆడియోగ్రామ్ అట. ఆ కాగితం పక్కన పెట్టి సర్జన్ ఇంకో తెల్లకాగితం తీసుకున్నాడు. ఇలాంటి చెవుడు ఏ ఇళ్ళలో ఎలా దిగుతోందో ఆయన రాసుకుంటున్నాడట. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా. చెవుడు ఉంటే లోపల సిరాతో నింపుతాడు.

"మీ ఇంట్లో చెవుడు ఎవరెవరికి ఉండాది?"

"మా నాయనకు సార్. అది మగ్గం చెవుడు," అన్నాను.

"ఇంకెవరూ లేరా? బాగా ఆలోచించి చెప్పండి."

నాయన చెవిలో అరిచి అడిగాను. "ఎవరూ లేరు," అన్నాడు నాయన. నేనూ లేరన్నాను. సర్జన్ మా నాయన చతురస్రాన్ని సగమే నింపి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు.

స్టేపిడెక్టమీ అనే ఆ ఆపరేషన్ కుడి చెవికి చేశారు. మత్తు చెవి చుట్టూ మాత్రమే ఇచ్చారు. ముఖం మీద గుడ్డ కప్పి, కదలొద్దన్నారు. బిగుసుకుపోయిన ఎముక తీసి దాని చోట టెఫ్లాన్ పిస్టన్ అనే సన్నటి పుల్లలాంటిది పెడతారని ముందే చెప్పారు. లోపల ఏదో గీరుతున్నట్టు ఉండి, ఉన్నట్టుండి గదిలో ఉన్నవన్నీ నా మీద పడ్డాయి. ట్రేలో కత్తెర పెట్టిన చప్పుడు, ఎవరిదో చెప్పుల చప్పుడు, ఫ్యాను.

"అమ్మా, వినపడ్తాందా?" అన్నాడు సర్జన్.

"అరవద్దండి సార్," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన మామూలుగానే అడిగాడట. ఆ గుడ్డ కింద నేను ఏడ్చాను. సంతోషంతోనే.

తర్వాత చెవిలో ప్యాకింగ్ పెట్టేసరికి మళ్ళీ అంతా మూసుకుపోయింది. మూడు రోజులు మంచం తిరిగింది, తిన్నది ఇమడలేదు. నాలుక ఒక పక్క ఇత్తడి రుచి. అవన్నీ తగ్గుతాయన్నారు, తగ్గాయి. డిశ్చార్జి రోజు సర్జన్ నిబంధనలు చెప్పాడు. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. చెవిలో నీళ్ళు పడకూడదు. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. అన్నిటికీ సరేనని ఉరవకొండకు వచ్చాను.

ఆ ఏడు వానలు లేవు. వీధి కొళాయి మూడు రోజులకోసారి వచ్చేది. మిగతా రోజుల్లో ఊరి బయట బోరుకు పోవాలి. అమ్మ మోకాళ్ళ నొప్పులతో పోలేకపోతోంది. ఐదో వారంలో నేను బిందె తీసుకుని బయలుదేరాను. డాక్టరు మాట మీరుతున్నానని నాకు అనిపించనే లేదు. బరువు అంటే బియ్యం మూట, రుబ్బురోలు. బిందె నీళ్ళను బరువని మా వైపు ఏ ఆడదీ అనుకోదు. వారం రోజులు నెత్తిన మోశాను. ఎనిమిదో రోజు బోరు దగ్గర వంగి బిందె లేపుతుంటే చెవిలో చిన్నగా టప్ మంది. భూమి పక్కకు ఒరిగిపోయింది. బిందెతో సహా పడ్డాను. లేచేసరికి కుడి చెవి మూసుకుపోయింది.

మళ్ళీ బెంగళూరు. సర్జన్ తిట్టలేదు. "ఏం బరువు ఎత్తినావమ్మా?" అన్నాడు.

"ఏమీ ఎత్తలేదు సార్. ఉత్త నీళ్ళ బిందె."

ఆయన నర్సును పిలిచి, డిశ్చార్జి చీటీల మీద ఇకనుంచి బిందె అనే మాట కూడా రాయమన్నాడు. పిస్టన్ పక్కనుంచి లోపలి చెవి నీరు కారుతోందని మళ్ళీ తెరిచి, చెవి తమ్మెలోంచి చిన్న కొవ్వు ముక్క తీసి అడ్డం పెట్టాడు. వినికిడి తిరిగొచ్చింది కానీ ముందు వచ్చినంత రాలేదు. రెండో చెవికి ఆపరేషన్ వద్దని ఆయనే చెప్పాడు. "ఒకటి నిలబడింది. ఇదే చాలనుకో," అన్నాడు. ఆ బిందె మోయకపోయి ఉంటే అని నేను చాలా రోజులు కుమిలిపోయాను.

మా ఆయన స్వయంగా ఉరవకొండకు వచ్చి నన్ను, పిల్లలను తీసుకుపోయాడు. దారిలో బస్సు కిటికీ వైపు చూస్తూ, "ఆ పొద్దు డాక్టరు ముందర అట్ల అనింటే ఏమనుకోవద్దు," అన్నాడు. ఆ మాట బాగానే వినపడింది. ఇంట్లో అత్త కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆమె తప్పు ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. కాని నాతో ఏదైనా చెప్పాలంటే ముందు కర్రతో నా కాలు తట్టి, నేను తిరిగి చూశాక మాట్లాడడం మొదలుపెట్టింది. చనిపోయేవరకు అలాగే మాట్లాడింది.

విచిత్రమేమిటంటే ఇప్పుడు సాలలో నాకేమీ వినపడదు. మగ్గాల మోత అంతా చెవిలోకి దూరుతుంది, మాటలు అందులో కొట్టుకుపోతాయి. కండె అడిగితే ఏమిటని నాలుగుసార్లు అడుగుతాను. చెవిలో దూది పెట్టుకుని కూర్చుంటాను. అందరిలాంటి చెవి వచ్చిందన్నమాట.

మరుసటి ఏడు నాయనకు ఒంట్లో బాగాలేదంటే చూడబోయాను. మా మేనత్త తిప్పమ్మత్త కూడా వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. పదమూడేళ్ళకే గుమ్మఘట్ట దగ్గర పల్లెకు ఇచ్చారు. వాళ్ళది సేద్యం, ఇంట్లో మగ్గం లేదు. అత్తింటివాళ్ళు కన్నడం మాట్లాడతారు. ఏడాదికో రెండేళ్ళకో వచ్చిపోయేది. ఆమెకు పొగరని, ఎవరితోనూ కలవదని మా అమ్మ కూడా అనేది. నేనూ అదే నమ్మాను.

ఆమె నాయన మంచం పక్కన కూర్చుని ఏదో చెబుతోంది. గొంతులో గొంతుగా మాట్లాడుతోంది. ఆమె గొంతు అంత మెత్తనిదని నేను అంతకుముందు గమనించలేదు. చిన్నప్పుడు పట్టించుకోలేదు, పెద్దయ్యాక నాకు వినపడలేదు. నేను గుమ్మంలో నిలబడి వెనకనుంచి "తిప్పమ్మత్తా" అన్నాను. పలకలేదు. ఇంకోసారి అన్నాను. ఆ వీపు కదలలేదు. ముందుకు వెళ్ళి ఆమె భుజం తట్టాను.

చెకప్‌కు బెంగళూరు పోతూ ఆమెను కూడా తీసుకుపోయాను. ఆడియోగ్రామ్ చూసి సర్జన్ పాత కాగితం వెతికి తీశాడు.

"ఈమె ఎవరు?"

"మా నాయన చెల్లెలు సార్."

"మొదటిసారి అడిగితే ఎవరూ లేరంటిరే?"

"ఆమెను ఇంకో ఇంటికి ఇచ్చినాం సార్," అన్నాను. అంటుంటే నాకే సిగ్గేసింది.

"ఇంటిపేరు మారితే చెవి గూడా మారుతాదామ్మా? ఈమె మగ్గం ఎక్కిందా ఎప్పుడన్నా?"

"లేదు సార్."

నాయన చతురస్రంలో మిగిలిన సగాన్ని ఆయన నింపేశాడు. దాని పక్కన కొత్తగా ఒక సున్నా గీసి అదీ నింపాడు. ఇది మా ఇంటి రక్తంలో ఉన్నదే కాని మగ్గం పెట్టింది కాదని, నా పిల్లలకూ రావచ్చు, రాకపోవచ్చని చెప్పాడు. తిప్పమ్మత్తకు చాలా ఏళ్ళయింది, నరం కూడా దెబ్బతింది, ఆపరేషన్‌తో పెద్దగా లాభం లేదు, మిషన్ పెట్టుకుంటే కొంత వినపడవచ్చు అన్నాడు. అదంతా నేను ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. రెండో కాన్పు నుంచి వినపడడం లేదని అప్పుడు బయటపెట్టింది. ముప్పై ఏళ్ళు.

"మిషను నాకేమిటికి," అంది. "సార్‌తో ఒక చీటీ రాయించు. ఈమెకి చెవుడు, పొగరు కాదు అని. కన్నడంలో రాయమను. మా ఇంట్లో చదివేది కన్నడమే."

"ఎవరికి చూపించాల?" అన్నాడు సర్జన్.

"మా తోడికోడలికి."

"మీ ఇంటాయనకు?"

నేను ఆ ప్రశ్నను ఆమె చెవిలో వేశాను. "ఆయప్ప పోయి తొమ్మిదేండ్లాయ," అంది. "పొగరే అనుకోని పోయినాడు."

సర్జన్ కన్నడంలో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించాడు. నేను ఆమెను ఊరికి దిగబెట్టేందుకు వెళ్ళాను. తిప్పమ్మత్త కాళ్ళు కూడా కడుక్కోకుండా తోడికోడలిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. తన కోడలి చేతికి చీటీ ఇచ్చి పైకి చదవమంది. కోడలు చదివింది. చదివేది తిప్పమ్మత్తకు వినపడదు. ఆమె తోడికోడలి ముఖం చూస్తూ కూర్చుంది, ఆ ముఖం మారేవరకు చూసింది. అప్పుడు చీటీ వెనక్కి తీసుకుని మడిచి పెట్టుకుంది.

ఇప్పుడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తిప్పమ్మత్త లేదు. నాకు కుడి చెవి సగం పైన పనిచేస్తుంది, ఎడమ చెవికి మిషన్. దాని డబ్బా పెట్టుకోవడానికి రవికెకు జేబు కుట్టించుకున్నాను. మా అమ్మాయిని ఏటా ఆడియోగ్రామ్‌కు తీసుకుపోతాను. ఇంతవరకు బాగానే ఉంది. దాన్ని మా అన్న కొడుక్కే ఇద్దామని పెద్దవాళ్ళు అంటే, ముందు ఇద్దరి చెవులూ చూపించి, డాక్టరును అడిగాకే ఆ మాట ఎత్తాలన్నాను. అందరికీ నా మీద కోపం వచ్చింది, రానీ.

చదివేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో చెవుడు ఎవరికి ఉందని డాక్టరు అడిగితే, వెంటనే లేదనకండి. ఇంకో ఊరికి ఇచ్చిన ఆడపిల్లలు, మేనత్తలు, వాళ్ళ బిడ్డలు ఒక్కొక్కరినీ గుర్తు చేసుకోండి. పలకదు, కలవదు, పొగరు అని పేరుపడ్డ మనిషి వాళ్ళలో ఉంటే ఒకసారి ఆమె దగ్గరికి వెళ్ళండి. ముందునుంచి కాదు, వెనక నిలబడి మామూలు గొంతుతో పిలిచి చూడండి.